ఆ ఉంగరం బరువు: కొత్తగా రాస్తున్న చెల్లికి ఉత్తరం

చెల్లీ,

నీ కవితలన్నీ చదివాను. అమ్మ మీద రాసినదైతే మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు అడిగింది సూటిగా ఉంది కాబట్టి నేనూ సూటిగానే చెప్తాను. "అమెరికన్ ఫెమినిస్టు కవయిత్రుల్ని చదవమని అందరూ అంటున్నారక్కా, సిల్వియా ప్లాత్ చదివాక నిద్ర పట్టలేదు, కానీ వాళ్ల దగ్గర ఏం నేర్చుకోవాలో తెలియట్లేదు, వాళ్లలా కోపంగా రాయాలా?" అన్నావు. చదవాలి, తప్పకుండా చదవాలి. కోపం సంగతి కాసేపట్లో మాట్లాడదాం. ముందు నీ కవితల్లో నాకు కనిపించిన ఇబ్బంది చెప్పనివ్వు, వాళ్లని చదివితే కుదుటపడేది సరిగ్గా అదే.

నీ కవితల నిండా 'స్త్రీ' ఉంది. యుగయుగాలుగా అణగిపోయిన స్త్రీ, సంకెళ్లు తెంచుకునే స్త్రీ, పంజరం దాటి ఎగిరిపోయే స్త్రీ. ఆవిడది ఏ ఊరో, వయసెంతో, పొద్దున లేవగానే ముందు ఏం పని చేస్తుందో ఎక్కడా తెలియదు. అమ్మ కవితలో మాత్రం ఆవిడ గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాసుకుంటుంది, ఆ గళ్లలోనే ఓ మూలన తనకి మోకాళ్ల నొప్పి వచ్చిన రోజుల్ని కూడా చిన్న చుక్కలు పెట్టి గుర్తుంచుకుంటుంది, నెలాఖరున నాన్న వచ్చి పాల లెక్క మాత్రం చూసి వెళ్లిపోతాడు. అక్కడ నేను ఆగిపోయాను. చాలా మంచి చోటు అది. కానీ ఆ వెంటనే "ఓ స్త్రీమూర్తీ మేలుకో" అని మొదలుపెట్టి చివరిదాకా పిలుపునిస్తూ పోయావు. క్యాలెండర్ చెప్పేసిన మాటనే మైకు పట్టుకుని మళ్లీ చెప్పావు. ఆ చివరి భాగం మొత్తం కొట్టెయ్యి. నొప్పిగా ఉంటుంది, అయినా కొట్టెయ్యి.

ఇప్పుడు ఏడ్రియన్ రిచ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ దారిలో ఒక్కో మెట్టూ ఎలా ఎక్కిందో దాచుకోకుండా చెప్పిన మనిషి ఆవిడ. 1929లో బాల్టిమోర్‌లో పుట్టింది. మొదటి పుస్తకం 1951లో వచ్చింది, అప్పటికి కాలేజీ చదువు అప్పుడే పూర్తవుతోంది. యేల్ యూనివర్సిటీ యువకవుల సిరీస్‌కి దాన్ని ఎంపిక చేసింది కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్. ముందుమాట కూడా ఆయనే రాశాడు. ఈ కవితలు పొందికగా, అణకువగా ముస్తాబై ఉన్నాయి, మెల్లగా మాట్లాడతాయి గానీ గొణగవు, పెద్దల్ని గౌరవిస్తాయి అని మెచ్చుకున్నాడు. మాట్లాడుతున్నది ఒక పుస్తకం గురించా, బుద్ధిగా పెరిగిన పిల్ల గురించా అనిపిస్తుంది చదువుతుంటే. ఆ కాలంలో ఒక అమ్మాయి రాసిన మంచి కవిత్వానికి దొరికే అతిపెద్ద మెప్పు ఇలా ఉండేదన్నమాట.

ఆ పుస్తకంలోనే 'ఆంట్ జెన్నిఫర్స్ టైగర్స్' ఉంది. పన్నెండు లైన్లు, అంతే. జెన్నిఫర్ అత్త ఊలుతో పులుల్ని కుడుతూ ఉంటుంది. ఆ పులులు మగవాళ్లకి భయపడవు, ధీమాగా నడుస్తాయి. అత్త వేళ్లు మాత్రం సూదిని లాగలేక అవస్థ పడుతుంటాయి, ఎందుకంటే మామయ్య తొడిగిన పెళ్లి ఉంగరం ఆ చేతి మీద బరువుగా కూర్చుని ఉంది. ఆవిడ చచ్చిపోయాక కూడా ఆ చేతులకి ఉంగరం ఉంటుంది, పులులు మాత్రం అలా నడుస్తూనే ఉంటాయి. ఇందులో 'అణచివేత' అనే మాట ఎక్కడా లేదు చూడు. మామయ్య తిట్టాడని లేదు, కొట్టాడని లేదు. ఆయన కవితలోకి రానే రాడు, ఆయన ఉంగరం వస్తుంది. ఒక సంసారం మొత్తం ఆ లోహపు బరువులో తెలిసిపోతుంది. రాసేనాటికి రిచ్‌కి పెళ్లి కూడా కాలేదు.

నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించేది తర్వాత జరిగింది. దాదాపు ఇరవై ఏళ్లు గడిచాక, 1971లో, ఈ కవిత గురించి రిచ్ ఒక వ్యాసంలో చెప్పింది: ఇందులో మనిషి నా ఊహలోంచి వచ్చిందే, వేరే తరం ఆవిడ, నాకేం సంబంధం లేదు అనుకుని రాశాను, ఆ ఛందస్సూ ఆ ప్రాసలూ నాకు చేతికి తొడుక్కునే ఆస్బెస్టాస్ తొడుగుల్లాంటివి, ఉత్త చేతుల్తో ముట్టుకోలేని విషయాన్ని వాటితో పట్టుకున్నాను అని. మనం పొయ్యి మీద గిన్నె దించేటప్పుడు మసిగుడ్డ వాడినట్టే. నువ్వు 'స్త్రీ' అని రాస్తున్నప్పుడు కూడా అదే జరుగుతోందేమో చూసుకో. మొదట్లో మసిగుడ్డ అవసరమే, అందులో సిగ్గు పడాల్సింది లేదు. కాకపోతే నీ చేతిలో ఉన్నది మసిగుడ్డ అని నీకు తెలిసి ఉండాలి.

ఆ తర్వాత పెళ్లయింది, ముప్ఫై ఏళ్లు నిండేలోపు ముగ్గురు మగపిల్లలు పుట్టారు. పిల్లలు మధ్యాహ్నం పడుకున్నప్పుడు, లైబ్రరీలో దొరికిన కాస్త సమయంలో, లేదా రాత్రి మూడింటికి ఏడ్చే పిల్లాడి కోసం లేచినప్పుడు ముక్కలు ముక్కలుగా రాసేదాన్నని చెప్పింది. అలా 1958 నుంచి రెండేళ్లలో తయారైందే 'స్నాప్‌షాట్స్ ఆఫ్ ఎ డాటర్ ఇన్ లా'. కోడలి ఫొటోలు అన్నమాట. ఒక్క పొడవాటి కవిత, లోపల నంబర్లు వేసిన ముక్కలు, దేనికదే ఉంటుంది. ముక్కలుగా దొరికిన సమయమే కవిత ఆకారంగా మారింది. ఏకధాటిగా రాసుకునే తీరిక లేని వాళ్లకి ఇంతకన్నా పెద్ద ధైర్యం ఎవరిస్తారు? అయితే ఆ కవితలో కూడా తను 'నేను' అనలేకపోయానని, కవితలో మనిషి ఎప్పుడూ 'ఆమె'గానే ఉండిపోయిందని తనే గమనించుకుంది. ఆకాశంలో తోకచుక్కల్ని కనిపెట్టిన కరోలిన్ హెర్షెల్ మీద 1968లో 'ప్లానెటేరియం' రాసినప్పుడు గానీ, కవితలోని స్త్రీ, కవిత రాస్తున్న స్త్రీ ఒకరే కాలేదట. మొదటి పుస్తకం నుంచి లెక్కేస్తే 17 ఏళ్లు. నువ్వు రాయడం మొదలుపెట్టి ఎన్నాళ్లయిందని ఈ టెన్షన్?

'డైవింగ్ ఇంటు ద రెక్' 1973లో వచ్చింది. అందులో టైటిల్ కవిత చదివేటప్పుడు మొదట ఆవిడ వెంట తీసుకెళ్లే సామాను చూడు: కెమెరా, కత్తి, అప్పటికే చదివేసిన పురాణాల పుస్తకం. కాళ్లకి ఈత తొడుగులు, ఒంటరిగా నిచ్చెన దిగడం. మునిగిపోయిన ఓడని చూడ్డానికి వచ్చాను, ఓడ గురించి చెప్పుకునే కథ కోసం రాలేదు అంటుంది. చివరికి ఆ పురాణాల పుస్తకంలో మన పేర్లు లేవని చెప్పి ఆగుతుంది. ఈ పుస్తకానికే 1974లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది, అలెన్ గిన్స్‌బర్గ్‌తో కలిపి. అదే ఏడాది ఆ బహుమతికి నల్లజాతి రచయిత్రులు ఆడ్రీ లార్డ్, ఆలిస్ వాకర్ కూడా పోటీలో ఉన్నారు. ముగ్గురూ ముందే మాట్లాడుకుని, మాలో ఎవరికొచ్చినా స్త్రీలందరి తరఫునా తీసుకుంటాం అని ఒక ప్రకటన రాసుకున్నారు. రిచ్ వేదిక మీద చదివింది అదే. కవిత్వంలో పోటీ గురించి నువ్వు పడుతున్న బాధకి ఇంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

ఇప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫెమినిస్టు కవిత్వం అంటే 1960ల్లో తెల్ల మధ్యతరగతి ఇల్లాళ్లు మొదలుపెట్టినది అని ఎవరైనా చెప్తే నమ్మకు. గ్వెండొలిన్ బ్రూక్స్ 1945లోనే, ఆ 1960ల ఉద్యమం ఇంకా మొదలవ్వని రోజుల్లో, 'ద మదర్' రాసింది. షికాగో దక్షిణ భాగంలో నల్లవాళ్లు ఉండే బ్రాంజ్‌విల్ మనుషుల మీద వచ్చిన తొలి పుస్తకంలో ఉందా కవిత. అబార్షన్లు చేయించుకున్న ఒక తల్లి మాట్లాడుతుంది. మొదట 'నువ్వు' అని ఎవరికో చెప్తున్నట్టు మొదలవుతుంది: పుట్టని ఆ పిల్లల్ని నువ్వు కొట్టవు, కసరవు, మిఠాయి కొనిచ్చి ఊరుకోబెట్టవు. తర్వాత ఉన్నట్టుండి 'నేను'లోకి వస్తుంది, గాలిలో వాళ్ల గొంతులు విన్నానంటుంది. తెలిసే చేశాను గానీ ఆ తెలియడంలోనూ తెలిసి చేసినట్టు లేదు అంటుంది, వెంటనే తడబడి, ఈ నిజం ఎలా చెప్పాలి అని తననే అడుగుతుంది. ఆ తడబాటే కవితకి ప్రాణం. తనని తాను సమర్థించుకోదు, తిట్టుకోదు, చదివేవాళ్లకి తీర్పు చెప్పే వీలు కూడా ఇవ్వదు. అచ్చుకి ముందు రాతప్రతి చదివిన నవలాకారుడు రిచర్డ్ రైట్ పుస్తకాన్ని బాగా మెచ్చుకుంటూనే ఈ ఒక్క కవిత మీద సందేహం వెలిబుచ్చాడు, అబార్షన్ మీద కవిత్వం కుదురుతుందా అని. బ్రూక్స్ దాన్ని తియ్యలేదు. ఐదేళ్ల తర్వాత, 1950లో, రెండో పుస్తకానికి పులిట్జర్ అందుకుంది, ఆ బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆవిడే.

'ఇది కవిత్వానికి పనికొచ్చే వస్తువు కాదు' అనే మాట నీకూ తప్పదు. ఆన్ సెక్స్టన్‌కి ఆవిడ గురువు జాన్ హోమ్సే చెప్పాడు, మానసిక ఆసుపత్రి కవితల్ని అచ్చు వెయ్యొద్దని. ఆవిడ ఆయనకి జవాబుగా ఏకంగా ఒక కవితే రాసి, 1960లో వచ్చిన మొదటి పుస్తకంలో పెట్టింది. అందం కోసం వెతకలేదు, అక్కడ ఒక క్రమం కనపడింది, అందుకని రాశాను అన్నట్టుగా సాగుతుంది అది. మర్యాదగా ఉంటుంది, ఒక్క అంగుళం కూడా తగ్గదు.

ప్లాత్ గురించి. నిన్ను నిద్రపోనివ్వకుండా చేసింది కవితలా, ఆవిడ చావా? ముందు అది తేల్చుకో. 1963 ఫిబ్రవరిలో లండన్‌లో 30 ఏళ్లకే ఆత్మహత్య చేసుకోవడంతో కవితలన్నీ ఆ చావుకి సాక్ష్యాల్లా చదవడం అలవాటైపోయింది జనానికి. నువ్వు అలా చదవొద్దు. ఆ చివరి నెలల్లో ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పిల్లలు లేవకముందు రాసేది. తను చదివిన స్మిత్ కాలేజీ పేరున్న గులాబీ రంగు కాగితాల వెనక వైపు ఆ చిత్తుప్రతులు ఉన్నాయి. 'ఏరియల్' కవితల్ని ఒక వరసలో పేర్చి ఫైల్లో పెట్టుకుంది, మొదటి మాట 'ప్రేమ', చివరి మాట 'వసంతం' అయ్యేలా. చనిపోయాక 1965లో భర్త టెడ్ హ్యూస్ వేరే వరసలో, కొన్ని తీసేసి, కొన్ని కలిపి వేశాడు. ఆవిడ పెట్టుకున్న వరసలో పుస్తకం పాఠకుల చేతికి వచ్చింది 2004లో. ఇన్నేళ్లు లోకం చదివిన పుస్తకం, ఆవిడ కట్టుకున్న పుస్తకం ఒకటి కాదు. ఇది తెలిశాక ఆవిడ నాకు బాధితురాలిగా కంటే పనిమంతురాలిగా ఎక్కువ కనపడింది.

'డాడీ' గట్టిగా చదివితే పిల్లల పాటలా ఒకే శబ్దం మీద ప్రాస తిరుగుతూ ఉంటుంది, ఆ లాలిపాట మోతలో అంత విషం నింపడం అసాధారణమైన పని. కానీ అందులో తన బాధని నాజీల చేతుల్లో చచ్చిన యూదుల బాధతో పోల్చుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అంత పెద్ద సామూహిక మరణాన్ని ఒక ఇంటి కథకి అరువు తెచ్చుకోకూడదనే అనుకుంటాను. నీకు వేరేలా అనిపించవచ్చు, అనిపిస్తే నాతో వాదించు. 'ది అప్లికెంట్' మాత్రం మొహమాటం లేకుండా నేర్చుకోవలసిన కవిత. ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగినట్టు పెళ్లికొడుకుని ప్రశ్నలు అడుగుతూ, పెళ్లాన్ని ఒక సరుకులా అమ్ముతారు. కుడుతుంది, వండుతుంది, మాట్లాడుతుంది. కోపం ఎక్కడా బయటికి చెప్పదు, సేల్స్‌మన్ గొంతు ఒక్కటి పట్టుకుంటుంది.

సరే, కోపం. ఆడ్రీ లార్డ్ 1981లో కోపం ఉపయోగాల మీద ఒక ప్రసంగం చేసింది, జాతి వివక్ష మీద నల్ల స్త్రీలు పడే కోపాన్ని చూసి బెదిరిపోయే తెల్ల ఫెమినిస్టుల ముందే. కోపంలో సమాచారం ఉంటుంది, శక్తి ఉంటుంది అంటుంది అందులో. నేను నీకు చెప్పాలనుకున్నదంతా ఆ సమాచారం గురించే. కోపం వచ్చినప్పుడు అది దేన్ని చూపిస్తోందో కనుక్కుని దాన్ని రాయి. క్యాలెండర్‌లో చుక్కలు సమాచారం. ఉంగరం బరువు సమాచారం. 'మేలుకో' అన్నప్పుడు నీ గొంతు వినిపిస్తుంది, విషయం వినిపించదు.

లార్డే ఇంకోచోట, 1980లో అనుకుంటా, కళలన్నిటిలోకీ ఖర్చు తక్కువది కవిత్వం అంది. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య, ఆసుపత్రి వంటసామాను గదిలో, మెట్రో రైల్లో, ఏదో చిత్తుకాగితం మీద రాసుకోవచ్చు. నవలకైతే రీముల కొద్దీ కాగితం, టైప్‌రైటర్, బోలెడంత సమయం కావాలి. ఎవరు ఏ ప్రక్రియలో రాస్తారన్నది డబ్బుతో ముడిపడి ఉందని ఆవిడ వాదన. ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో వంట చూసుకుంటూ రాస్తున్నానని నువ్వు చిన్నబుచ్చుకున్నావు కదా, అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

లూసిల్ క్లిఫ్టన్‌కి ఆరుగురు పిల్లలు. కవితలు చిన్నవి, చాలావాటిలో పెద్దక్షరాలే ఉండవు. తన తుంటి మీద, తన నెలసరి మీద, పొగుడుతూ రాసింది, నల్లజాతి ఆడదాని ఒంటిని లోకం ఎలా చూస్తుందో తెలిసి మరీ. కానీ నువ్వు ముందు చదవాల్సింది 'ఫ్యూరీ'. అమ్మ కోసం రాసిన కవిత. ఆవిడ అమ్మ కూడా కవితలు రాసేది, అచ్చు వేయించుకునే అవకాశం వచ్చింది, భర్త వద్దన్నాడు. ఆవిడ ఆ కాగితాలు తీసుకెళ్లి కొలిమిలో వేసేసింది, చిన్న లూసిల్ చూస్తుండగా. కవితలో ఆ మంట, ఆ చేతులు, కాలుతున్న కాగితాలు ఉన్నాయి. నాన్న మీద ఒక్క తిట్టు లేదు. ఇంత చిన్న కవితలో ఇంత ఎలా పట్టింది అని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

మీ కాలేజీలో ఎవరో "ఇదంతా అమెరికా నుంచి దిగుమతి" అన్నారని రాశావు. వాళ్లకి ఒక చిన్న చరిత్ర చెప్పు. 1973లో 'నో మోర్ మాస్క్స్' అని అమెరికన్ కవయిత్రుల సంకలనం వచ్చింది, ఆ పేరు మ్యూరియల్ రుకైజర్ కవితలోంచి తీసుకున్నది. సంపాదకుల్లో ఒకరు ఫ్లారెన్స్ హోవ్, అంతకుముందే 1970లో ఫెమినిస్ట్ ప్రెస్ స్థాపించిన ఆవిడ. మన హైదరాబాద్‌లో సూసీ తారు, కె. లలిత కూర్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండు సంపుటాల్నీ 1991లో, 1993లో వేసింది ఆ ప్రెస్సే. ఆ పుస్తకం ముందుమాట ఎవరి కథతో మొదలవుతుందో తెలుసా? తంజావూరు ఆస్థానంలో 'రాధికా సాంత్వనం' రాసిన మన ముద్దుపళని, దాన్ని 1910లో మళ్లీ అచ్చు వేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించిన పుస్తకం అది. అంటే న్యూయార్క్‌లో చదువుకునేవాళ్లు తెలుగు ఆడదాని ధైర్యం గురించి చదివారు. సరుకు రెండు వైపులా నడిచింది. అదే 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' అనే స్త్రీవాద కవితల సంకలనం వచ్చింది, అప్పటికే మన కవయిత్రుల్ని 'నీలి కవితలు' రాస్తున్నారని ఎద్దేవా చేస్తున్న రోజుల్లో. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' చదవకుండా అమెరికన్ కవయిత్రి షారన్ ఓల్డ్స్ ప్రసవం కవితల దగ్గరికి వెళ్లొద్దు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

ఓల్డ్స్ పేరు వచ్చింది కాబట్టి నీ రెండో భయం గురించి కూడా చెప్తాను, ఇంట్లోవాళ్లు చదివితే ఎలా అన్నది. ఆవిడ ముప్ఫై ఏళ్ల కాపురం 1997లో విడిపోయింది. ఆ విడిపోవడం మీద రాసిన 'స్టాగ్స్ లీప్' 2012లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ వచ్చింది. మధ్యలో పదిహేనేళ్లు. ఒంటి గురించి, ఇంటి గురించి దాపరికం లేకుండా రాస్తుందని పేరున్న మనిషే అంతకాలం ఆగింది. రాయడం వేరు, బయటపెట్టడం వేరు. రాయడానికి ఎవరి అనుమతీ అడక్కు. పోస్ట్ చేసే ముందు మాత్రం, అమ్మ మోకాళ్ల నొప్పి అమ్మది కూడా కాబట్టి, ఆవిడకి ఒకసారి చదివి వినిపించు. మొహమాటంగా ఉంటుంది, అయినా వినిపించు. ఆవిడ వద్దంటే కొన్నాళ్లు నోట్‌బుక్‌లోనే ఉండనీ.

ఒక్క కవిత మాత్రం దగ్గరుండి చూపించాలని ఉంది. రీటా డోవ్ 'డేస్టార్'. ఓహాయోలోని ఏక్రన్‌లో బతికిన తన అమ్మమ్మ, తాతయ్యల జీవితం ఆధారంగా రాసిన 'థామస్ అండ్ బ్యూలా' లోది, 1986లో వచ్చిన పుస్తకం. బ్యూలాకి ఆలోచించుకోవడానికి కాస్త చోటు కావాలి. కానీ ఎటు చూసినా తీగ మీద ఆవిర్లు కక్కుతున్న పిల్లల గుడ్డలు, తలుపు వెనక వాలిపోయిన బొమ్మ. అందుకని పిల్లలు పడుకోగానే కుర్చీ ఈడ్చుకుంటూ గరాజ్ వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ చూడ్డానికి ఏముంది? కీచురాయి వదిలేసిన డొల్ల, గాలికి తేలుతున్న ఒక ఆకు. మహా అయితే గంట. తర్వాత మెట్ల మీద కూతురు మూతి ముడుచుకుని నిలబడుతుంది, అమ్మా అక్కడేం చేస్తున్నావని. రాత్రి భర్త ఆమె మీదికి ఒరిగినప్పుడు కళ్లు తెరుచుకుని ఆ చోటు గురించి తలుచుకుంటుంది, మిట్టమధ్యాహ్నం తను ఏమీ కాకుండా, అచ్చంగా ఏమీ కాకుండా ఉండగలిగిన చోటు గురించి. భర్త చెడ్డవాడని కవిత ఎక్కడా అనదు, పిల్లలంటే ప్రేమ లేదని అనదు. ఆవిడ ఎగిరిపోదు, సంకెళ్లు తెంచుకోదు. కుర్చీ ఈడ్చుకెళ్తుంది. ఆ 'ఈడ్చుకెళ్లడం' అనే క్రియ దగ్గర ఆగి, నీ కవితల్లో ఎన్ని క్రియలకి అంత ఒళ్లు నొప్పి ఉందో వెతుక్కో.

పని చెప్తాను. వచ్చే నెలంతా కొత్త కవిత రాయకు. 'డేస్టార్', 'ద మదర్', 'ఫ్యూరీ' నోట్‌బుక్‌లో నీ చేత్తో ఎత్తి రాసుకో, పోయెట్రీ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో ఇలాంటివి చాలా ఉచితంగానే దొరుకుతాయి. ఒకదాన్ని తెలుగులోకి తెచ్చి చూడు, ఎక్కడా పెట్టడానికి కాదు, ఏ వస్తువు ఎక్కడ ఉందో చేతికి తెలియడానికి. ఇంకొకటి, రిచ్ 1956 నుంచి ప్రతి కవిత కింద సంవత్సరం వేసేది, కవిత అంటే ఒకసారి చెప్పేసి మూసేసే మాట కాదు, సాగుతున్న బతుకులో ఒక రోజు అని అనిపించడం వల్ల. నువ్వూ తారీఖు వెయ్యి. మొదట ఏ కవిత తీసుకున్నావో, ఎక్కడ చిక్కుకున్నావో ఫోన్ చేసి చెప్పు, సాయంత్రం ఏడు దాటాక అయితే ఖాళీగానే ఉంటాను.

ప్రేమతో,
అక్క